2008 ప్రియస్: ఒక్క మాడ్యూల్ మారిస్తే సరిపోతుందా?

మీ టొయోటా ప్రియస్ హైబ్రిడ్ కారులో పి0ఏ80 కోడ్ (హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్ పాడైందని కారు కంప్యూటర్ చూపే సంకేతం) వచ్చిందని, మెకానిక్ పాడైన మాడ్యూల్ (ప్యాక్‌లోని చిన్న బ్యాటరీ) ఒక్కటి మారిస్తే చాలన్నాడని రాశారు కదా, నేనైతే వద్దంటానండి. మీ ప్యాక్‌లో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు సిరీస్‌లో ఉంటాయి, ఒక్కోటి 7.2 వోల్టులు. అన్నీ ఒకే వయసువి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నట్టు. పైగా కొత్తగా పెట్టిన దాని కెపాసిటీ పాతవాటితో కలవదు, కొన్నాళ్లకు మళ్లీ అదే హెచ్చరిక లైటు, మళ్లీ అదే టెన్షన్. రీఫర్బిష్డ్ (బాగుచేసి అమ్మే పాత) ప్యాకులు చాలావరకు ఇలా అతుకులేసిన బొంతలే. కారు త్వరలో అమ్మేసేటట్టయితే ఇలాంటి రిపేరు సరే.

ఇంకా కొన్నేళ్లు నడపాలంటే కొత్త సెల్స్‌తో వచ్చే ప్యాకే తీసుకోండి. టొయోటాదైనా, బయటి కంపెనీదైనా వారంటీ ఎన్నాళ్లో, పాత ప్యాక్ తిరిగిస్తే ఎంత తగ్గిస్తారో ముందే అడగండి.

ఏది పెట్టించినా వెనక సీటు పక్కనున్న బ్యాటరీ కూలింగ్ ఫ్యాన్ శుభ్రం చేయించండి. దుమ్ముతో మూసుకుపోతే కొత్త ప్యాక్ కూడా వేడెక్కి త్వరగా పాడవుతుంది. ప్యాక్‌ను సొంతంగా మాత్రం విప్పకండి, అది 200 వోల్టుల పైమాట.