కోర పట్టుకునే ముందు

అమ్మలూ,

విషనాగు కోరనే ఆయుధంగా పట్టుకున్న పిల్ల కథ రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. కానీ నిజం కోర చూడ్డానికి ఉద్దానం జీడితోటల్లో చంపిన పాము తల తెప్పించుకుంటావట. ఏటమ్మా ఆ పని? తెగిన తల కూడా కొంతసేపు కరుస్తుంది, విషమూ దిగుతుంది. పైగా పాముని చంపినా, దాని కోర దాచుకున్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. ఫొటోలు చూసి రాయి.

ఊరూ పేర్లూ నీ ఇష్టం. నాగావళి ఒడ్డైతే పేరులోనే పాము ఉంది.

కిందటి కథలో చేసిన తప్పు మాత్రం మళ్లీ చెయ్యకు. అందులో కోర పీకిన వీరుడు వరసగా పదిమందిని పొడిచాడు, పదిమందీ చచ్చారు. ఆ విషం ఎక్కణ్నుంచి వచ్చింది? విషం కోరలో పుట్టదు. కంటి వెనక గ్రంథిలో ఊరి, కండరం నొక్కితే నాళం గుండా కోర మొదట్లోకి వస్తుంది. లోపలి బోలులోంచి జారి, మొనకి కాస్త పైనున్న రంధ్రంలోంచి దిగుతుంది. అంటే పీకిన కోరలో మిగిలేది చుక్కో రెండు చుక్కలో. మొదటి పోటు ప్రాణం తీస్తుంది, రెండోది జబ్బు చేస్తుంది, మూడోది ఉత్త ముల్లే. మొన గీసుకుంటే చాలదు, ఆ రంధ్రం కూడా చర్మంలోకి దిగాలి. వంపు వెంట గుచ్చాలి, పక్కకి తిప్పితే పుటుక్కున విరుగుతుంది. ఈ లెక్క ముందే పెట్టుకుంటే ప్రతి పోటుకీ చదివేవాళ్ల గుండె కొట్టుకుంటుంది.

విషం మిగల్చాలంటే గ్రంథితో సహా తియ్యమను. నీడన ఆరబెడితే పసుప్పచ్చ పలుకులవుతుంది. చెమ్మ తగలనివ్వకపోతే ఏళ్లు గడిచినా చావదు, తడి తగిలితే లేస్తుంది. చెమట చేత్తో ముట్టుకున్న పిల్ల వేలికి చిన్న గాటుంటే? ఆలోచించు. హోమంలో కాల్చి శక్తి పెంచానని మాత్రం రాయకు. విషం మాంసకృత్తు, మరిగితే గుడ్డు తెల్లసొనలా చాలామట్టుకు చెడుతుంది.

కొలత కూడా చూసుకో. నాలుగు మీటర్ల గిరినాగుకి కోర సెంటీమీటరుకి అటూఇటూ. ఆఫ్రికా గబూన్ పింజరికి అయిదు సెంటీమీటర్ల దాకా. కాబట్టి జానెడు కోర కావాలంటే పింజరి జాతినే ఎంచుకో, ఏడెనిమిది మీటర్ల పాముతో సరిపోతుంది. పిడికి వెదురు, లక్క, నారతాడు చాలు.

విరుగుడు కూడా మంత్రంతో వద్దు. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు, కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రం రక్తం నుంచే తీస్తారు. నీ పిల్లకి గుర్రం ఉందిగా.

చీకటిపడ్డాక తోటలోకి టార్చి లేకుండా వెళ్లకు తల్లీ. ఖర్మకాలి కరిస్తే కొయ్యొద్దు, తాడు బిగించొద్దు, కాలు కదపకుండా ఆసుపత్రికి వెళ్లిపో. మీ నాన్నకీ ఈ మాట చదివి వినిపించు. మొదటి ప్రకరణం అవగానే పంపు.

మీ పెదనాన్న