ప్రశ్నలు – జవాబులు: రికార్డుల అంగడికి వెళ్లేవారికి

ప్రశ్న: మా నాన్నగారి టర్న్‌టేబుల్‌ను ఈమధ్యనే బాగు చేయించాను. ఇంట్లో ఉన్న కొద్దిపాటి ఎల్పీలు (పెద్ద వినైల్ రికార్డులు) విని విని కంఠస్థమైపోయాయి. గాంధీ రోడ్డులో విచారించాను గానీ రికార్డులు అమ్మేవారు నాకు కనబడలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది వంగిపోయి వచ్చింది. రికార్డుల అంగళ్లు ఎక్కడ ఉంటాయి, వెళితే ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తిరుపతి వారికి దగ్గరి దారి చెన్నైదే. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి దిగే సెంట్రల్ స్టేషన్ పక్కనే ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలకూ పాత సామాన్లకూ అది పెట్టింది పేరు. 1985లో ఆ భవనం అగ్నికి ఆహుతి కాగా, ఆ చోట లోకల్ రైళ్ల స్టేషన్ వెలిసింది, వర్తకులు దగ్గరలోని అల్లికుళం సముదాయానికి తరలిపోయారు. బయలుదేరే ముందు చెన్నైలో తెలిసినవారి ద్వారా ఏ అంగడి తెరిచి ఉంటుందో కనుక్కొని వెళ్లడం మంచిది. దశాబ్దాల పాటు తెలుగు సినిమా పాటలు మద్రాసు స్టూడియోల్లోనే రికార్డయ్యాయి కనుక, తమిళ రికార్డుల దొంతరల మధ్య తెలుగు ఈపీలు (కొద్ది పాటలే పట్టే చిన్న రికార్డులు) తగలడంలో వింత లేదు. ముంబయిలో చోర్ బజారు, కోల్‌కతాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ఢిల్లీలో చాందినీ చౌక్ పాత రికార్డులకు పేరుపడ్డ చోట్లు. వీటికోసం ప్రత్యేకంగా రైలెక్కనక్కరలేదు గానీ, వేరే పని మీద వెళ్లినప్పుడు ఒక పూట కేటాయించుకోవచ్చు. ఏప్రిల్‌లో జరిగే రికార్డ్ స్టోర్ డే గురించి మీరు వినే ఉంటారు. 2008లో అమెరికాలో చిన్న అంగళ్ల కోసం మొదలైన ఆ పండుగకు విడుదలయ్యేవి చాలావరకు పాశ్చాత్య సంగీతమే కాబట్టి, మన పాటల వేటలో దానితో పెద్దగా పని లేదు.

ఇక ఎంపిక సంగతి. అంగడికి వెళ్లడంలో ఉన్న లాభమల్లా వస్తువును కళ్లతో చూసి, వీలైతే చెవులతో విని, ఆ తరువాత డబ్బు ఇవ్వగలగడమే. రికార్డును అట్టలోంచి తీయనివ్వని అంగడిలో కొనడం కన్నా మీరు ఆన్‌లైన్‌లో పోగొట్టుకున్నదే నయం. రికార్డును అంచునూ మధ్య లేబులునూ మాత్రమే తాకుతూ పట్టుకొని, ట్యూబులైటు కింద కాస్త ఏటవాలుగా తిప్పి చూడండి. వెంట్రుకవాసి గీతలు కనబడితే అంతగా బెంగపడనక్కరలేదు, కానీ గీత మీద గోటిని మెల్లగా ఆనిస్తే తట్టుకుంటున్నదంటే అది తప్పక వినబడుతుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది గనుక ప్రతి 1.8 సెకన్లకూ ఒక టిక్కు వస్తుంది. తరువాత రికార్డును కంటి ఎత్తుకు తెచ్చి అంచు వెంట చూస్తే వంపు తెలిసిపోతుంది. మధ్య చిల్లు చుట్టూ లేబులు మీద సన్నని గీతలు అల్లుకొని ఉంటే, దాన్ని చాలాసార్లు, అదీ చీకట్లో తడుముకుంటూ పెట్టినట్టుగా వాడారని అర్థం చేసుకోవచ్చు. పాటలు ముగిశాక లేబులుకు ముందు ఉండే ఖాళీ వలయంలో చెక్కిన సంఖ్యను లేబులు మీది సంఖ్యతోనూ, దాన్ని అట్ట మీది దానితోనూ సరిచూసుకోండి. ఒకరి అట్టలో మరొకరి రికార్డు దూరి ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. మళ్లీ ఆన్‌లైన్‌లో కొనవలసి వస్తే, రికార్డు స్థితిని తెలపడానికి అమ్మేవారు రాసే గ్రేడు చూడండి. ‘వెరీ గుడ్ ప్లస్’కు తక్కువైన వాటి జోలికి పోకండి, ‘గుడ్’ అని రాసినది గరగర లేకుండా మోగుతుందని ఆశించలేము.

కొన్నవాటిని ఇంటికి చేర్చడంలోనూ జాగ్రత్త అవసరం. దారిలో భోజనానికి ఆగి, ఎండలో నిలిపిన కారులో రికార్డుల సంచి వదిలేయకండి. మే నెల మధ్యాహ్నం మూసిన కారు లోపలి వేడికి వినైల్ మెత్తబడి వంగిపోతుంది, ఆ వంపును మళ్లీ సరిచేయడం చాలా కష్టం.

ప్రశ్న: మా తాతగారి 78 రికార్డులు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపువి) పెట్టె నిండా ఉన్నాయి. వాటిని కొత్త ప్లేయరు మీద వినవచ్చునా? స్పిరిట్‌తో తుడవమని ఒకరు చెప్పారు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: స్పిరిట్ మాట వినకండమ్మా. 78 రికార్డులు చాలావరకు లక్కతో చేసినవి, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు చెక్కకు వేసే పాలిష్‌ను అలా కరిగించే తయారు చేస్తారు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల మెత్తని సబ్బు కలిపి, లేబులు తడవకుండా మెత్తని గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ప్లేయరుకు 78 వేగం ఉన్నంత మాత్రాన చాలదు. ఆ రికార్డుల గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతల వెడల్పు. ఎల్పీ సూది అందులో అడుగుకు దిగిపోయి, అక్కడ పేరుకున్న దుమ్మును వినిపిస్తుంది తప్ప పాటను సరిగా వినిపించదు. 78లకు వేరే సూది అమ్ముతారు, అది మీ ప్లేయరులో సూదిని అమర్చే కార్ట్రిడ్జ్‌కు సరిపోతుందో లేదో అడిగి కొనండి. ఇందుకు విరుద్ధంగా, తాతగారి గ్రామఫోను కూడా ఉంటే దాని మీద ఎల్పీని మాత్రం పెట్టకండి, ఆ ఉక్కు సూది బరువుకు ఒక్కసారితోనే గాడి చెడిపోతుంది. పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, పుస్తకాల్లా నిలువుగా ఉంచండి. లక్క రికార్డు పెళుసు, పడితే పగులుతుంది.

ప్రశ్న: ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఎల్పీకి ఒక అంగడివారు చాలా అరుదైనదని చెప్పి మూడు వేలు అడిగారు. ఇవ్వవచ్చునా?
– మరొక పాఠకుడు, తిరుపతి

జవాబు: అరుదైనదన్న మాట నిజం కాదు. హెచ్.ఎం.వి. 1963లో విడుదల చేసిన ఆ రికార్డు ఆ తరువాత పదే పదే అచ్చయి, దక్షిణాదిన ఎన్నో ఇళ్లకు చేరింది. కొండ కింద ఊళ్లో అయితే చెప్పనే అక్కరలేదు. బంధువుల ఇళ్లలో అటకలు వెతికించండి, ఒకటి దొరికినా దొరుకుతుంది. తెల్లవారుజామున రోజూ పెట్టిన రికార్డు కావడం వల్ల వాటిలో చాలావాటి గాళ్లు అరిగిపోయి ఉంటాయన్నది అసలు చిక్కు. కాబట్టి అంగడివారిని మొదటి పక్క మొత్తం వినిపించమనండి. శబ్దం శుభ్రంగా ఉంటే బేరమాడి తీసుకోండి, వినిపించడానికి ఒప్పుకోకపోతే వదిలేయండి.