ట్యూన్ చేసిన 125 టూ-స్ట్రోక్‌కు 250 రేడియేటర్ పెడితే వేడి తగ్గుతుందా?

మీరు అడిగింది ఇది: పోర్టులు (సిలిండర్ గోడలోని వాయువుల దారులు) పెద్దవి చేసి, హెడ్ (సిలిండర్ పై భాగం) కోయించి, రేస్ పైపు పెట్టిన 125 స్పోర్ట్ బైక్‌లో గట్టిగా లాగితే నీటి వేడి 90 డిగ్రీలు దాటుతోంది. 250 సీసీ బండి రేడియేటర్ పెట్టొచ్చా, థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు వదిలే వాల్వ్) పీకేయాలా?

పెట్టొచ్చు. కానీ దానికి ముందు ఒక కొలత తీసుకోండి. రేడియేటర్‌లోకి నీళ్లు వెళ్లే గొట్టం మీద ఒక థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), బయటికి వచ్చే గొట్టం మీద ఇంకొకటి టేపుతో గట్టిగా కట్టి, బండిని లోడ్ మీద నడుపుతూ రెండూ చూడండి. మెరిసే అల్యూమినియం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ తప్పు చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. రెండింటి మధ్య తేడా మామూలుగా 5 నుంచి 8 డిగ్రీలు ఉంటుంది. తేడా 15 దాటితే నీళ్లు సరిగా తిరగడం లేదు. పంపు ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) షాఫ్ట్ మీద జారుతోందా, హోస్ ఎక్కడైనా మడత పడిందా, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందా చూడాలి. తేడా రెండు మూడు డిగ్రీలే ఉండి రెండు చోట్లా కాలిపోతుంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, వేడిని గాలి తీసుకెళ్లడం లేదు. రేడియేటర్ మార్చడం గురించి ఆలోచించాల్సింది ఈ రెండో సందర్భంలోనే.

వేడి ఎక్కడ పుడుతోందో కూడా చూడాలి. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే రంధ్రం) చిన్నదైనా, ఇగ్నిషన్ (స్పార్క్ వచ్చే సమయం) ముందుకు జరిగినా, డిటొనేషన్ (మిశ్రమం అదుపు లేకుండా పేలడం) మొదలైనా నీటి వేడి గబగబా పైకి పోతుంది. హెడ్ విప్పి పిస్టన్ అంచు చూడండి. ఇసుక కొట్టినట్టు చిన్న చిన్న గుంటలు కనిపిస్తే ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా ఆ పిస్టన్‌ను కాపాడలేదు.

హెడ్ కోయించారు కాబట్టి ఓ-రింగ్ (హెడ్‌ను సీల్ చేసే రబ్బరు రింగు) గాడి లోతు తప్పకుండా కొలవండి. చాలామంది మర్చిపోయేది ఇదే. 2.5 మి.మీ. ఓ-రింగ్‌కు గాడి సుమారు 1.9 మి.మీ. లోతు ఉండాలి. హెడ్ ముఖం 0.5 మి.మీ. కోస్తే గాడి 1.4కి వస్తుంది. అప్పుడు రింగ్ నలిగిపోతుంది, హెడ్ సమంగా కూర్చోదు, దహన వాయువు నీళ్లలోకి తోసుకొస్తుంది. చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి రేస్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తుంటాయి. రిజర్వ్ డబ్బా ఊరికే నిండిపోతున్నా అదే అనుమానించండి. గాడిని మళ్లీ లోతు చేయించాల్సిందే, సీలెంట్ పూసి గడిపేద్దామనుకోవద్దు.

ఇక గాలి. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది. రేడియేటర్ పక్కన వేలు దూరేంత సందు ఉన్నా ఫిన్స్ (రేడియేటర్‌లోని పల్చటి రేకులు) మధ్యలోంచి కాకుండా ఆ సందులోంచే పోతుంది. ఫెయిరింగ్ (బండి ముందు కవర్) లోపలి అంచు నుంచి కోర్ (ఫిన్స్ ఉన్న భాగం) అంచు దాకా పల్చటి అల్యూమినియం రేకుతో గానీ, మూసిన కణాల ఫోమ్‌తో గానీ పైన, కింద, పక్కలా మూసేయండి. వెనక గాలి బయటికి పోయే దారి కూడా అంతే ముఖ్యం. బెల్లీ పాన్ (ఇంజిన్ కింది కవర్) మొత్తం మూసి ఉంటే గాలి అక్కడే నిలిచిపోతుంది. నా లెక్కలో ఈ పనికే పెద్ద రేడియేటర్ కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది, ఖర్చూ తక్కువే. వంగిన ఫిన్స్‌ను ప్లాస్టిక్ దువ్వెనతో నిదానంగా సరిచేయండి.

అప్పటికీ చాలకపోతే 250 రేడియేటర్. ఎంచుకునేటప్పుడు మందం కంటే వైశాల్యం చూడండి. మందమైన కోర్‌లోంచి గాలి దూరాలంటే వేగం కావాలి, నిదానంగా పోతుంటే పల్చటి దానికంటే అధ్వానం. ఫోర్క్ స్ప్రింగులు తీసేసి, ముందు భాగాన్ని అడుగంటా నొక్కి, మడ్‌గార్డ్‌కూ రేడియేటర్‌కూ మధ్య మట్టి ముద్ద పెట్టి చూడండి. నలిగిన ముద్ద 10 మి.మీ. కంటే పల్చగా ఉంటే రేడియేటర్‌ను వెనక్కి జరపాలి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఫోర్క్ కాళ్లు తగులుతాయేమో చూడండి. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్ పైపు) బొజ్జ కోర్ వెనక ఆనుకునేలా ఉంటే మీరే వేడి ఎక్కిస్తున్నట్టు.

బిగింపు రబ్బరు బుష్‌ల మీదే ఉండాలి. చాసిస్‌కు నేరుగా బోల్ట్ చేస్తే టూ-స్ట్రోక్ వణుకుడికి ట్యాంకూ కోరూ కలిసే అతుకు దగ్గర సన్నటి పగులు వస్తుంది. బోల్ట్‌లో స్టీల్ స్లీవ్ పెట్టండి, రబ్బరు అతిగా నలగదు. గొట్టాల సైజు కలవకపోతే హోస్‌ను బలవంతంగా లాగి తొడగొద్దు. సైజు మార్చే అల్యూమినియం ముక్క చేయించి, రెండు చివరలా ఉబ్బెత్తు అంచు పెట్టించండి. ఆ అంచు లేని నున్నటి గొట్టం మీద నుంచి సిలికాన్ హోస్ ఒత్తిడికి జారి ఊడిపోతుంది. క్లిప్ గొట్టం చివరి వైపు కాకుండా, ఆ అంచు దాటి లోపలి వైపు కూర్చోవాలి.

థర్మోస్టాట్ విషయానికొస్తే, రోడ్డు బండికి దాన్ని ఉంచేయండి. తీసేస్తే, బైపాస్ హోస్ ఉన్న ఇంజిన్లలో ఆ బైపాస్ తెరిచే ఉండిపోయి వేడి నీళ్లు కొన్ని రేడియేటర్‌కు పోకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తాయి. తీసి తీరాలంటే బైపాస్‌ను మూసేయాలి.

చల్లగా ఉంటే చాలు అనుకోవద్దు. రేసింగ్ టూ-స్ట్రోక్‌కు 50–55, రోడ్డు బండికి 60–70 డిగ్రీలు మంచి లెక్క. అంతకంటే వేడెక్కితే క్రాంక్‌కేసూ, అక్కడి నుంచి సిలిండర్‌లోకి మిశ్రమం వెళ్లే ట్రాన్స్‌ఫర్ దారులూ వేడెక్కి, లోపలికొచ్చే మిశ్రమం పలచబడి పవర్ పోతుంది. మరీ చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా గట్టిగా లాగితే పిస్టన్ సిలిండర్ కంటే ముందే వ్యాకోచించి నాలుగు మూలలా పట్టేస్తుంది. పెద్ద రేడియేటర్‌తో ఈ ప్రమాదం పెరుగుతుంది. అందుకే చలిరోజుల్లో కోర్ మీద అడ్డంగా టేపు వేయాలి. ముందు మూడో వంతు మూసి, టెంపరేచర్ మీటర్ ముల్లు చూస్తూ తగ్గించడమో పెంచడమో చేయండి. 50 రాకముందు పూర్తి థ్రాటిల్ ఇవ్వొద్దు.

నీళ్లు నింపేటప్పుడు మూత వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తులో ఉండేలా బండి ముందు చక్రం లేపండి. హెడ్ మీద బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి బుడగల్లేని ధార వచ్చేదాకా ఆగండి, తర్వాత హోస్‌లు పిసుకుతూ ఐడిలింగ్‌లో నడపండి. గాలి బుడగ సెన్సర్ దగ్గర చిక్కుకుంటే మీటర్ చల్లగానే చూపిస్తుంది, లోపల హెడ్ కాలిపోతుంటుంది. రోడ్డుకు డిస్టిల్డ్ వాటర్, గ్లైకాల్ కూలెంట్ సగం సగం. ట్రాక్‌లో చాలాచోట్ల గ్లైకాల్‌ను రానివ్వరు, కింద పడితే జారుతుంది కాబట్టి. అక్కడికి డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు పట్టనివ్వని ద్రావణం కలిపి పోయండి, గడ్డకట్టే చలి వచ్చేలోపు తీసేయండి. 1.1 బార్ ఒత్తిడి పట్టే రేడియేటర్ మూత ఉంటే నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగ్ చచ్చిన మూతతో ఆ లాభం పోతుంది.

మొదటి రైడ్ తర్వాత, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, క్లిప్‌లన్నీ ఒకసారి బిగించి మట్టం చూడండి. గేర్ ఆయిల్ పాలరంగులోకి మారిందేమో కూడా చూడండి. మారితే పంపు సీల్ పోయినట్టే.