బెంగళూరు 85 వేలు వదులుకుని విజయవాడ 55 వేలకు రావచ్చా?

బెంగళూరులో నెలకు 85 వేలు వస్తోంది, విజయవాడలో 55 వేలకు ఆఫర్ ఉంది, అద్దె తగ్గుతుంది కాబట్టి చివరికి మిగిలేది అంతే ఉంటుందా అని అడిగారు. మీ భార్య అక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నారని చివర్లో ఒక్క ముక్క రాశారు. నన్నడిగితే అసలు లెక్క అక్కడే ఉంది.

మేం హైదరాబాద్ నుంచి వచ్చాం. తెనాలిలో నాన్నగారి ఆరోగ్యం బాగోక వచ్చాం తప్ప డబ్బు మిగులుతుందని కాదు. మియాపూర్‌లో అద్దె 21 వేలు, ఇక్కడ పటమటలో 14 వేలు. ‘నెలకు ఏడు వేలు మిగిలినట్టే’ అన్నారు అందరూ. మా ఆవిడ జీతం సంగతి ఒక్కరూ అడగలేదు.

ఆవిడ లెక్కల టీచరు. హైదరాబాద్‌లో 27 వేలు ఇచ్చేవారు. వచ్చిన ఏడాది మే నెలలో ఇక్కడ ఒక స్కూలుకు ఇంటర్వ్యూకి వెళ్లింది. నేను గేటు బయట వేపచెట్టు కింద స్కూటీ పెట్టుకుని నిలబడ్డాను. ఎనిమిదో తరగతి పాఠం డెమో చెప్పించారు. బాగా నచ్చిందన్నారు. పాత పే స్లిప్ చూసి కరస్పాండెంట్ గారు, “హైదరాబాద్ జీతాలు ఇక్కడ కుదరవమ్మా, 15 ఇస్తాం. బీఎడ్ ఒరిజినల్స్ ఆఫీసులో ఇచ్చి వెళ్లండి” అన్నారట. మధ్యలో మానేయకుండా సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారట. ఈవిడ ఫైలు కవర్లో పెట్టుకుని, నమస్కారం పెట్టి బయటికి వచ్చేసింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. “15 వేలకైనా చేస్తానేమో గానీ నా సర్టిఫికెట్లు తాకట్టు పెట్టనండీ” అంది. ఆ మాట విన్నాక ఇంకే ఆలోచనా లేకుండా స్కూటీ స్టార్ట్ చేశాను.

ఈ ఒరిజినల్స్ వ్యవహారం మీద నాకు ఇప్పటికీ మండుతుంది. రాత్రుళ్లు కూర్చుని చదివి డిగ్రీ తెచ్చుకున్నది ఆమె. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోవడానికి వీళ్లెవరు? పిల్లల దగ్గర వేలకు వేలు ఫీజులు వసూలు చేసేటప్పుడు విజయవాడ చిన్న ఊరని గుర్తుకు రాదు, టీచరు జీతం దగ్గరే గుర్తొస్తుంది. ఒరిజినల్స్ అడగని స్కూలు తర్వాత దొరికింది, 17 వేలకు. అంటే అద్దెలో ఏడు మిగిలితే ఆవిడ జీతంలో పది పోయాయి. నా జీతం తగ్గింది వేరే.

టాక్స్ మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతం 12.75 లక్షల దాకా పన్ను లేదు. మీ 85 వేలంటే ఏడాదికి 10.2 లక్షలు, అక్కడున్నా ఇక్కడున్నా సున్నాయే. ఈఎంఐ, ఫోన్ రీచార్జ్ ఊరు మారితే తగ్గవు. పెట్రోలు బెంగళూరు కంటే ఇక్కడే ఎక్కువ. అక్కడ ఏసీ లేకుండా బతికేసి ఉంటారు, ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో అది లేకపోతే పిల్లలు నిద్రపోరు. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది కదా, ఆ బిల్లు చూసుకోవాలి. దగ్గరికొచ్చేశారని చుట్టాలందరూ పిలుస్తారు. బెంగళూరులో ఉంటే సెలవు దొరకలేదంటే సరిపోయేది. ఇక్కడ మాఘమాసం వచ్చిందంటే చదివింపులకే ఒక బడ్జెట్ పెట్టుకోవాలి.

అద్దె తక్కువని బ్రోకర్ సింగ్‌నగర్ వైపు ఇల్లు చూపిస్తే, 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఆ ఇంట్లోకి ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటి వాళ్లను అడగండి.

మరి మీరెందుకు ఉన్నారంటారా? రాత్రి అమ్మ ఫోన్ చేస్తే గంటలో తెనాలిలో ఉంటాను. నాన్నగారిని డాక్టరుకు చూపించడానికి సెలవు పెట్టి, రైలు టికెట్ కోసం తత్కాల్‌లో కొట్టుకోనక్కర్లేదు. దానికోసం ఇంకా తగ్గినా ఉండేవాణ్ణి. మీ ప్రశ్నలో అలాంటి కారణమేదీ కనిపించలేదు, మిగులు గురించే అడిగారు. మిగులు కోసమైతే 55 చాలదు. 65 అడగండి, అంతకు తగ్గితే రావద్దు.

ఇంకోటి, మీరు రాజీనామా ఇచ్చేముందే మీ ఆవిడను ఇక్కడ ఒకటి రెండు స్కూళ్లలో డెమో ఇవ్వమనండి. జూన్‌లో బడులు తెరిచేముందు, ఏప్రిల్ మేలో టీచర్లను తీసుకుంటారు. జీతం ఎంతో, ఒరిజినల్స్ అడుగుతారో లేదో కాగితం మీద రాయించుకున్నాకే మీ మేనేజరుకు నోటీసు ఇవ్వండి.