ఒక్క మాట తడబడితే ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. మాక్ ఇంటర్వ్యూలో ‘ట్రబుల్‌షూట్’ (లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిచేయడం) అన్న మాటని తప్పుగా పలికింది, దాని భూతకాలమూ చెప్పలేకపోయింది. నలుగురిలో ఉన్నా నేను సరిదిద్దుతూనే ఉంటాను. యాక్సెంట్ కోర్సులో చేర్చాలా, లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) చదివించాలా?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. మాట మారుతుంది, భయం మాత్రం అదే: పిల్ల వెనకబడిపోతుందని. ఈ కారణానికైతే వెనకబడదు, టెన్షన్ పడకండి.

ఆ మాటలో మూడు సిలబుల్స్ ఉన్నాయి: ట్ర-బుల్-షూట్. మొదటిదాన్ని నొక్కి పలకాలి. మనం రాసే ‘బు’లోని ఉకారం ఇంగ్లిష్‌లో దాదాపు వినపడదు. తెలుగు లిపి దీర్ఘాన్ని చూపిస్తుంది కానీ ఎక్కడ నొక్కాలో చూపించదు. మన పిల్లలు తడబడేది అక్కడే, తెలివి తక్కువై కాదు.

‘ట్రబుల్‌షూటర్’ ముందు పుట్టింది, దాని తోక కత్తిరిస్తే ఈ క్రియ వచ్చింది. ‘బేబీసిట్’ కూడా అంతే. భూతకాలానికి చివరి ముక్క చూస్తే చాలు. షూట్‌కి షాట్ కాబట్టి ట్రబుల్‌షాట్. ‘ప్రూఫ్‌రీడ్’కి స్పెల్లింగ్ మారదు, పలకడం మాత్రం ‘ప్రూఫ్‌రెడ్’. ‘ఓవర్‌కమ్’, ‘అండర్‌స్టాండ్’ లాంటి వాటిలో నొక్కు చివరి సిలబుల్ మీదికి వెళ్తుంది. ‘అప్‌గ్రేడ్’ క్రియ అయితే ‘గ్రేడ్’ని, నామవాచకమైతే ‘అప్’ని నొక్కుతాం. డిక్షనరీలో నొక్కాల్సిన సిలబుల్‌కి ముందు, పైన చిన్న నిలువు గీత ఉంటుంది. దాన్ని చూడటం నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

యాక్సెంట్ కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. అక్కడినుంచి అరువు గొంతుతో వచ్చిన పిల్లల్ని చూశాను. ‘ర’ని తిప్పి తిప్పి పలుకుతారు, నొక్కు మాత్రం పాత తప్పు చోటే. పైగా తమ మామూలు గొంతుతో మాట్లాడటానికి సిగ్గుపడటం మొదలుపెడతారు. ఎదుటివాళ్లకి అర్థమయ్యేలా, తొందరపడకుండా మాట్లాడితే ఇంటర్వ్యూకి అది చాలు.

కోపం తెచ్చుకోవద్దు గానీ, నలుగురిలో సరిదిద్దడం ఈ రోజే మానెయ్యండి. తప్పు పోతుందేమో గానీ, దాంతోపాటు మాట్లాడే ధైర్యమూ పోతుంది. ఇంట్లోనే జంకే పిల్ల ఇంటర్వ్యూలో నోరు ఎలా విప్పుతుంది?

లింగ్విస్టిక్స్ ఉచ్చారణకి మందు కాదు. మాటలు ఎలా పుడతాయో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్ల చదువు అది. భాషా బోధనకి, నిఘంటువుల పనికి, స్పీచ్ టెక్నాలజీకి (కంప్యూటర్‌తో మాటని గుర్తింపజేసే, పలికించే పని) దారి ఉంది. మీ అమ్మాయికి ఆ ఆసక్తి ఉందా? తనకేం ఇష్టమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా లేదు. ముందు అది అడిగి, నాకు మళ్లీ రాయండి.