బొండకొయ్య దగ్గర మొదలుపెట్టు

కడప నుంచి

నాయనా,

నువ్వు కర్నూలు నుంచి పంపిన కథ రెండుసార్లు చదివాను. మీ జేజినాయన రోజూ రాత్రి స్టేషనుకు పోయి హాజరు వేయించుకొని వచ్చేవాడన్న నాలుగు వాక్యాల దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు అట్లే కూర్చున్నా. మిగతా ఏడు పేజీలూ కోపమే. ఆ కోపం న్యాయమైందే. కానీ చట్టాన్ని రాక్షసి అన్నావు గానీ, ఆ రాక్షసి నోటి మాట ఒక్కటీ రాయలేదు. చదివేవాడికి కోపం రావాలంటే ఆ మాటే వాడి చెవిన పడాల.

మన దత్తమండలాల నుంచే, అంటే నిజాం కంపెనీకి ఇచ్చేసిన మన సీమ జిల్లాల నుంచే మొదలుపెట్టు. ఇక్కడ కలెక్టరుగా చేసిన మన్రో దొరను మన పల్లెల్లో దేవుడిలా తలుచుకున్నారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయన పెద్దగా ఉన్న కమిషన్ పనితోనే 1816లో మద్రాసు రాష్ట్రానికి గ్రామ పోలీసు రెగ్యులేషన్ వచ్చింది. తిట్టుకున్నా, చిన్నగా కొట్టుకున్నా ఊరిపెద్ద ఆ మనిషిని 12 గంటలు చావడిలో ఉంచవచ్చు. తక్కువ కులం వాడైతే 6 గంటలు బొండలో వేయవచ్చు, అంటే కాళ్లు కొయ్య రంధ్రాల్లో ఇరికించి నలుగురూ చూస్తుండగా కూర్చోబెట్టడం. ఆ సెక్షన్‌లో ఒక ముక్క దగ్గర నువ్వు ఆగాల. ఇది పరువు తీసే శిక్షేనని రాసినవాళ్లే ఒప్పుకున్నారు. ఒప్పుకొని, ఇది వేసినా అనుచితం కాని జనం ఉన్నారని అదే వాక్యంలో రాశారు. పరువు అనేది ఎవరికి ఉంటుందో, ఎవరికి ఉండదో కూడా చట్టమే పంచిపెట్టింది. నేను ఎన్ని కథలు రాసినా అంత క్రూరమైన వాక్యం రాయలేకపోయాను.

మీ జేజినాయన మీద పడింది తర్వాతి చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త జాతుల చట్టం, 1911లో తిరగరాశాక మన వైపుకూ వచ్చింది. జాతి మొత్తాన్ని నేరస్త జాతి అని ప్రకటిస్తే చాలు, పుట్టిన బిడ్డ కూడా ఆ జాతే. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. ఆ ప్రకటన చెల్లదని కోర్టులో అడిగే దారి కూడా మూసేశారు. చట్టం చివరి జాబితాలో రాసిన నేరాలకు రెండోసారి శిక్షపడితే కనీసం 7 ఏళ్లు, మూడోసారి ద్వీపాంతరం. అదే దొంగతనం ఇంకో కులం వాడు చేస్తే ఆ లెక్క లేదు. అంతకు ముందు మీ ఎరుకలవాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్మినవాళ్లు. రైలు వచ్చి, ఉప్పు పన్ను వచ్చి ఆ బేరం పోయింది. నీ కథలో ఆ ఉప్పు బస్తా లేదు, అందుకే మీ జేజినాయన గాల్లోంచి ఊడిపడినట్టున్నాడు.

నాకు పదేళ్లప్పుడు మా ఊరి గుడిలో గంట పోయింది. పోలీసులు నేరుగా ఊరి బయట ఎరుకల గుడిసెలకు పోయారు. ఒక అవ్వ తట్ట అల్లుతోంది. కొడుకును జీపెక్కిస్తుంటే లేచింది గానీ, చేతిలో ఈతబరికె వదల్లేదు. సగం అల్లిన తట్ట కాళ్ల దగ్గర విచ్చుకుపోతోంది. నెల తర్వాత గంట ఇంకెక్కడో దొరికింది. ఆ గుడిసెలకు పోయి ఆ మాట చెప్పినవాడు మా ఊళ్లో లేడు, మా నాయనతో సహా. అప్పటికి ఆ చట్టం పోయి చాలా ఏళ్లయింది.

అందుకే చెప్తున్నా, చట్టం రద్దయిన తేదీ దగ్గర కథ ముగించొద్దు. మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో తీసేశారు. ఆ వెనకే అలవాటు నేరస్తుల చట్టాలు, అంటే మళ్లీ మళ్లీ శిక్షపడినవాళ్ల మీద నిఘా పెట్టే చట్టాలు వచ్చాయి. జాతి పేరు పోయింది, నిఘా ఆ గుడిసెల మీదే నిలిచింది. నువ్వు అమెరికా గురించి రాసిన పేరా బాగానే ఉంది, కానీ అక్కడా ఇదే వెతుకు. అక్కడి 1986 మాదకద్రవ్యాల చట్టంలో నల్లవాళ్లు అన్న మాటే లేదు. క్రాక్ అంటే గడ్డగా చేసి పొగ పీల్చే కొకెయిన్. 5 గ్రాముల క్రాక్‌కు కనీసం 5 ఏళ్లు, పొడి కొకెయిన్ అయితే అదే 5 ఏళ్లు పడడానికి 500 గ్రాములు కావాలి. క్రాక్ కేసుల్లో జైలుకు పోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే. 2010లో 100 రెట్ల తేడాను 18 రెట్లకు దించారు గానీ సమం చేయలేదు.

మన దగ్గర సుకన్య శాంత అనే జర్నలిస్టు, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం గురించి రాసి, తనే సుప్రీంకోర్టుకు పోయింది. 2024 అక్టోబరు 3న కోర్టు ఆ నియమాలు చెల్లవంది, ఖైదీల రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. ఆమె ముందు జైలు మాన్యువళ్లు, అంటే జైళ్ల నియమాల పుస్తకాలు, కూర్చొని చదివింది. నువ్వూ చదువు.

మీ జేజి ఇంకా ఉంది కదా. హాజరుకు పోయే రాత్రుల్లో అన్నం ఆయన పోకముందు పెట్టేదా, వచ్చాక పెట్టేదా అడుగు. వాన పడితే ఏం కప్పుకొని పోయేవాడో అడుగు. అవి రాసుకొని కడపకు రా, 1816 రెగ్యులేషన్ నకలు నా దగ్గరుంది, ఇస్తాను.

మీ పెద్దాయన