హెచ్4 మీద ఇంట్లో ఉంటూ గొంతుతో పని: మైకు కన్నా ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర. పెళ్ళయి న్యూజెర్సీ వచ్చాను. ఊళ్ళో పరిషత్తు నాటికల్లో వేసేదాన్ని. ఇప్పుడు హెచ్4 మీద (హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) ఇంట్లోనే ఉంటున్నాను. వాయిస్ ఓవర్ పనులు దొరుకుతాయా? నటన మరిచిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: ముందు వీసా సంగతి తేల్చుకుందామమ్మా. హెచ్4 మీద ఈఏడీ కార్డు (పని చేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) లేకుండా అమెరికాలో కూర్చుని డబ్బు వచ్చే పని ఏదీ చేయకూడదు. "డబ్బు ఇండియా అకౌంట్లో పడుతుంది కదా, ఎవరికి తెలుస్తుంది" అనేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ మాట వినకండి. పని ఎక్కడ కూర్చుని చేశారన్నదే లెక్క. రేపు గ్రీన్‌కార్డు వేళకి అది మెడకు చుట్టుకుంటుంది. మీ వారికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినా, ఐ-140 గానీ దానికి ముందు జరిగే లేబర్ సర్టిఫికేషన్ గానీ ఆధారంగా ఆరేళ్ళు దాటి హెచ్1బీ పొడిగించినా మీరు ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. 2015 మే నుంచి ఉన్న రూలే ఇది. అందాకా నేర్చుకోవడానికీ డెమో (మచ్చుకు వినిపించే రికార్డింగు) తయారు చేసుకోవడానికీ అడ్డేమీ లేదు. పుట్టింటికి వెళ్ళినప్పుడు అక్కడ కూర్చుని రికార్డు చేసేది ఇండియాలో చేసిన పని కిందకే వస్తుంది. అయితే ఇద్దరూ కలిపి ఇక్కడ టాక్స్ రిటర్న్ వేస్తుంటే ఆ ఆదాయం కూడా చూపాలి.

ఇక గది. అందరూ మైకు మీద డబ్బు పోసి గదిని వదిలేస్తారు. చెక్క ఫ్లోరు, ఖాళీ గోడలు ఉన్న గదిలో ఒక్క చప్పట కొట్టి చూడండి. వెనకాలే గణగణమని వినిపిస్తే అక్కడ ఎంత ఖరీదైన మైకు పెట్టినా బావిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. బట్టలు నిండుగా వేలాడే క్లోజెట్ మంచిది. దళసరి కంఫర్టర్ ఒకటి మీ వీపు వెనక కట్టండి, ఎందుకంటే మైకు మీ వైపే చూస్తుంది కాబట్టి మీ వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దాన్నే ఎక్కువ పట్టుకుంటుంది. రికార్డింగ్ అయ్యేదాకా హీటరు, ఏసీ ఆపేయండి. ఫ్రిజ్ కూడా ఆపాల్సి వస్తే కారు తాళాలు అందులో పెట్టండి, మళ్ళీ ఆన్ చేయడం మరిచిపోరు. ఊళ్ళో మండువా ఇంట్లో అయితే లోగిలి గుమ్మానికి దూరంగా, ధాన్యం బస్తాలు గానీ పరుపులు గానీ ఉన్న లోపలి గది చూసుకోండి. ఊళ్ళో ఫ్యాను, కాకులు, గుడి మైకు, రైస్ మిల్లు ఉంటాయి. తెల్లవారకముందే కూర్చోవాలి.

చప్పుడున్న ఇంటికి చిన్న శబ్దాన్ని కూడా పట్టేసే కండెన్సర్ మైకు కన్నా, దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే డైనమిక్ మైకే నయం. శాంసన్ క్యూ2యూ లాంటి యూఎస్‌బీ మైకుతో మొదలుపెట్టవచ్చు. నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కగా ఉంచండి. ఎదురుగా పెడితే "ప", "ఫ", "భ" పలికినప్పుడల్లా గాలి వెళ్ళి మైకుని కొడుతుంది. రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. గట్టిగా పలికిన చోట అందులో శబ్దం చూపే మీటరు మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఉంటే చాలు. ఆడియోబుక్కులకు ఏసీఎక్స్ సంస్థ అడిగే కొలతలేంటంటే, ఆర్ఎంఎస్ (సగటు గట్టిదనం) మైనస్ 23 నుంచి మైనస్ 18 డెసిబెల్స్, పీక్ (అన్నిటికన్నా గట్టిగా పలికిన చోటు) మైనస్ 3 దాటకూడదు, మీరు మాట్లాడని చోట వినిపించే చప్పుడు మైనస్ 60 కిందే ఉండాలి. తెలుగు పనికి కూడా ఇదే కొలత పెట్టుకోండి. నాయిస్ రిడక్షన్ బాగా ఎక్కిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది. ఫైలుని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత పోతుంది, నాణ్యత తగ్గించని వేవ్ (డబ్ల్యూఏవీ) ఫైలే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి.

అసలు కష్టం నోటిది. మన వైపు "స్త" కాస్తా "త్త" అయిపోతుంది: వత్తాను, చూత్తాం. వాక్యం చివర సాగదీస్తాం కూడా. కోనసీమ పాత్రకి అది బంగారం, బ్యాంకు ఐవీఆర్‌కి (ఫోన్ చేస్తే "ఒకటి నొక్కండి" అని చెప్పే గొంతు) పనికిరాదు. యాసని చంపుకోకండి, రెండూ నోటి మీద ఉంచుకోండి. ఒకే పేరా ఒకసారి అమలాపురం బస్టాండులో మాట్లాడినట్టు, ఒకసారి వార్తలు చదివినట్టు రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినండి. ల-ళ, న-ణ, శ-ష-స, ఒత్తులు ఎక్కడ జారుతున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషు నుంచి తెచ్చిన స్క్రిప్టుల్లో వాక్యాలు ఊపిరాడనివ్వవు. ఎక్కడ విరవాలో ముందే గీత గీసుకోండి. మాట మార్చాలనిపిస్తే పని ఇచ్చినవాళ్ళు మెయిల్‌లో ఒప్పుకున్నాకే మార్చండి, మందుల విషయంలో అయితే మరీను.

పరిషత్తు అనుభవం వృథా అనుకోకండి. ఎస్వీ రంగారావు గారు, అంజలీదేవి గారు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు వేదిక మీంచి వచ్చినవాళ్ళే. కాకపోతే మీకు ఆఖరి వరసకి వినపడేలా పలకడం అలవాటు, మైకుకి ఎదురుగా కూర్చున్న ఒక్కరితో మాట్లాడినట్టు ఉండాలి. "బస్సు వెళ్ళిపోయిందా?" అన్న మాటే తీసుకోండి. అత్తగారిని అడగండి, కండక్టర్ని అడగండి, ఆసుపత్రికి బయల్దేరినవాళ్ళలా అడగండి. ప్రతిసారీ ఎవరితో అంటున్నారు, ఏం కావాలి, క్షణం ముందు ఏం జరిగింది అన్న మూడూ ఖాయం చేసుకోండి. అదే రోజు వినకండి, మర్నాడు వింటేనే తప్పులు తెలుస్తాయి. డబ్బింగ్ సాధనకి నిమిషం సీను మ్యూట్ చేసి, పెదాలు మూసుకునే ప, బ, మ ఎక్కడ పడుతున్నాయో చూసి మాటలు కూర్చండి. అది మీ సాధనకే, ఎక్కడా పెట్టకండి.

సినిమా డబ్బింగ్ చాలామటుకు హైదరాబాద్ స్టూడియోల్లోనే జరుగుతుంది. దూరం నుంచి దొరికేది ఈ-లెర్నింగ్, ఫోన్ సందేశాలు, ఆసుపత్రుల సమాచార వీడియోలు, ప్రకటనలు. అనువాద ఏజెన్సీలకు రాయండి, వాయిస్123, అప్‌వర్క్ లాంటి పని దొరికే వెబ్‌సైట్లలో ప్రొఫైల్ పెట్టండి. డెమో నిమిషం దాటొద్దు, మొదటి పది సెకన్లలోనే మీ మంచి గొంతు వినిపించాలి.

రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినవాళ్ళకి దండం పెట్టి వచ్చేయండి. "టెస్టు" అని స్క్రిప్టు మొత్తం చదివించుకుంటారు, ముప్పై సెకన్లు మించి ఇవ్వకండి. ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి "మిగిలింది తిప్పి పంపండి" అంటే అది మోసం. చెక్కు తర్వాత బౌన్సవుతుంది, బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. ఒప్పందంలో గొంతు ఎక్కడ, ఎన్నాళ్ళు వాడతారో రాయించండి. మీ తప్పుకి రీటేక్ ఉచితం, స్క్రిప్టు వాళ్ళు మారిస్తే డబ్బు తీసుకోవాలి. ఏఐకి శిక్షణ ఇవ్వడానికీ, గొంతు క్లోన్ చేయడానికీ వాడకూడదన్న వాక్యం లేకపోతే సంతకం పెట్టకండి. ఈఏడీ వచ్చాక ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు వచ్చినా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (సొంతంగా పని చేసుకునేవాళ్ళు కట్టేది) ఉంటుంది, రేటు 15.3 శాతం. మైకు కొన్న రసీదు నుంచీ అన్నీ దాచుకోండి.